గురువారం గుడ్డు

నాకు దానం నేర్పింది ఏ అయ్యగారి ప్రసంగమూ కాదు, ఒక నల్ల కోడి. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. మా మనవరాలు కూడా నవ్వింది.

మొన్న ఆ పిల్ల నా ఫోను తీసుకుని పక్కన కూర్చుంది. నెల్లూరులో క్షయ రోగులకు గుడ్లు, పాలు కొనిపెట్టేవాళ్ళు కొందరున్నారు. వారం వారం నేను బస్సెక్కి పోయి నా వంతు ఇచ్చి వస్తాను. మోకాళ్ళు మొరాయించినప్పటి నుంచి ఇంట్లో అందరూ నా మీద పడ్డారు. ఇక బస్సూ వద్దు, అవస్థా వద్దు, డబ్బు బ్యాంకులోంచి దానంతటదే పోయేలా పెడతానని మనవరాలు పూనుకుంది. నెలకోసారి ఒకటో తేదీన పోయేట్టు పెట్టనా అని అడిగింది. వద్దన్నాను. వారానికోసారి, అదీ గురువారం. పైగా ఒకేసారి కాదు, రెండు భాగాలుగా పోవాలన్నాను.

"రెండూ కలిపి ఒకేసారి పంపితే పోలా నానమ్మా? పోయేది ఆ చోటికే కదా."

"కలపకూడదు. ఒకటి మనది. రెండోది మనది కాదు."

ఆ పిల్ల ఫోను పక్కన పెట్టి నా మొహం చూసింది. చర్చికి పోయేవాళ్ళం ఆదివారం కాకుండా ఈ గురువారం ఏమిటి, మనది కానిదాన్ని మనం కట్టడమేమిటి అని నిలదీసింది. ఇంజనీరింగు చదివే పిల్ల, లెక్క తేలందే వదలదు. సరే, కూర్చోబెట్టి చెప్పుకొచ్చాను. చెప్పడం మొదలుపెట్టగానే నా ముక్కుకు వడ్ల ఊక వాసన తగిలింది.

మా ఊరు తోటపల్లి గూడూరుకు అవతల, సముద్రం హోరు వినపడేంత దూరంలో ఉంటుంది. ఇప్పుడు అటు పోతే కనుచూపు మేర రొయ్యల గుంటలు, నీళ్ళను చిలికే చక్రాల మోత. నా చిన్నతనంలో అవన్నీ వరి మళ్ళు. మళ్ళు దాటితే ఇసుక దిబ్బలు, దిబ్బల మీద సరుగుడు తోపులు, తోపులు దాటితే జాలర్ల పాలెం. మా పేటలో అందరం క్రైస్తవులం. అన్నీ తాటాకు ఇళ్ళు, ఒక్కటంటే ఒక్కటే మిద్దె. ప్రతి ఇంటికీ కోళ్ళుండేవి. తెల్లారి గంప ఎత్తగానే బిలబిలమంటూ బయటపడేవి. గంప కింది వాసన, మంచుకు తడిసిన గడ్డి వాసన, పొయ్యి మీద సంకటి ఉడికే వాసన అన్నీ కలిసి వచ్చేవి. నాకు తెల్లవారడమంటే అదే.

పేటలో ఒక కట్టుబాటు ఉండేది. ఆదివారం కోడి పెట్టిన గుడ్డు దేవుడిది. చర్చిలో కానుకల బల్ల పక్కన ఊక పోసిన గంప పెట్టేవాళ్ళు. ఎవరింటి గుడ్డు వాళ్ళు తెచ్చి అందులో దించేవాళ్ళు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేసి, ఆ డబ్బు సంఘం పనులకు వాడేవాళ్ళు. ఎవరూ అడిగేది లేదు, ఎవరూ చూసేది లేదు. అయినా ఆదివారం పూట కోడి ఎగ్గొట్టిందంటే ఇంటిల్లిపాదికీ తలవంపులే. మా అవ్వ, అంటే మా నాయన తల్లి, ఆదివారం పొద్దున్నే మా నల్ల కోడిని చంకలో ఇరికించుకుని, పరువు తీయబాకమే అని బుజ్జగించేది. అది గుడ్లు మిటకరించి చూసేది. మా తమ్ముడూ నేనూ దానికి వారాలు తెలుసనే నమ్మేవాళ్ళం.

చేపలక్క రోజూ పాలెం నుంచి గంప నెత్తిన పెట్టుకుని వచ్చేది. సొంత పేరు ఉండే ఉంటుంది, మాకు మాత్రం చేపలక్కే. సరుగుడు తోపు దాటకముందే ఆమె కేక వినిపించేది. మా అవ్వకూ ఆమెకూ రోజూ బేరం దగ్గర యుద్ధం జరిగేది. అవ్వ సగానికి అడిగేది, ఆమె గంప ఎత్తుకుని పోతున్నట్టు నటించేది, అవ్వ పోతే పో అనేది, ఆమె రెండడుగులు వేసి తిరిగొచ్చేది. అంతా అయ్యాక పిడికెడు నెత్తళ్ళు తీసి మా చట్టిలో వేసి, ఇది పిల్లోళ్ళకు కొసరు అనేది. ఏ ఇంట్లో పిల్లలుంటే ఆ ఇంట్లో కొసరు. ఆ నెత్తళ్ళను అవ్వ మామిడికాయ వేసి పులుసు పెడితే, మర్నాటి పొద్దున చద్దన్నంలోకి ఇంకా బాగుండేది. మా తమ్ముడు చట్టి అడుగు వేలితో నాకి దెబ్బలు తినేవాడు.

ఒక వానాకాలం ఆమె కేక మధ్య దగ్గు మొదలైంది. తర్వాత దగ్గే ఎక్కువైంది. తర్వాత రావడమే మానేసింది. ఆమె మొగుడు సముద్రం మీద బతికేవాడు, నెమ్మదస్తుడు. అతనే వచ్చి చెప్పాడు. క్షయ అన్నారట. నెల్లూరు ఆసుపత్రిలో మందులిచ్చి, రోజూ ఒక గుడ్డు, ఇన్ని పాలు పట్టకపోతే మందులు ఒంటికి పట్టవని, మనిషి దక్కదని చెప్పి పంపారట. అప్పుడు సముద్రం పోటు మీదుంది. పడవలు ఒడ్డునే బోర్లించి ఉన్నాయి. పాలెంలో పొయ్యి వెలగడమే కష్టం, గుడ్డు ఎక్కడిది. అతను ఏమీ అడగలేదు. చెప్పి, మా వాకిట్లో కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు.

ఆ వారం స్త్రీల కూటంలో మా అవ్వ లేచి నిలబడింది. అవ్వ ప్రార్థన చేయడానికి తప్ప కూటంలో నోరెత్తే మనిషి కాదు. ఆదివారం గుడ్లు వేలం వేయకుండా చేపలక్కకు పంపుదామంది. గుసగుసలు లేచాయి. చేపలోళ్ళకు మనం గుడ్లు పెట్టడమేంది, రోజూ చేపలు తినేవాళ్ళు గదా అని ఎవరో అన్నారు. అమ్ముకునేవాళ్ళకు తలకాయలు, తోకలే మిగిలేదని అవ్వ బదులిచ్చింది. వాళ్ళు మన సంఘం కాదు కదా అని ఇంకెవరో నసిగారు. అప్పుడు మా అవ్వ అన్న మాట పేటలో చాలాకాలం నిలిచింది.

"ఆమె గంపలో కొసరు తినని ఇల్లు ఈ పేటలో ఏదో చెప్పండి. ఉంటే ఆ ఇల్లు గుడ్డు ఇయ్యక్కర్లా."

ఆ ఆదివారం గంపెడు గుడ్లు పాలెం చేరాయి. మేమంతా ఎంత గొప్పపని చేశామో అని ఛాతీలు విరుచుకుని తిరిగాం.

ఇక్కడే జరిగింది మా పేటవాళ్ళు తప్ప ఎవరూ చేయని తప్పు. గుడ్లన్నీ ఆదివారమే ఇచ్చాం. ఆ ఉక్కలో, ఆ ఉప్పు గాలిలో గుడ్డు ఎన్నాళ్ళు నిలుస్తుంది? వారం మధ్యకు వచ్చేసరికి మురిగిపోయాయి. మా పేట మనసు నొచ్చుకుంటుందని వాళ్ళు నోరు విప్పలేదు. అవ్వ ఒకనాడు చూడబోయి, వాకిట్లో అడుగు పెట్టగానే వాసన పట్టేసింది. చేపలక్క అత్త ఇసుకలో గుంట తీసి పాడైనవి పూడుస్తోంది. లోపల చేపలక్క గంజి తాగి పడుకుని ఉంది. అవ్వ ఇంటికొచ్చి ఆ పూట అన్నం ముట్టలేదు.

మళ్ళీ కూటం పెట్టించింది. వారంలో ఇంటికో రోజు పంచుకుందాం, ఏ రోజు గుడ్డు ఆ రోజు తాజాగా పోవాలి అంది. అంత తేలికైన మాటకు పేట అంతా తలకిందులైంది. దేవుడికి మొక్కింది ఆదివారం, దాన్ని మంగళవారానికి జరిపితే మొక్కు తప్పినట్టు కాదా? అందరికంటే గట్టిగా పట్టుబట్టింది మిద్దింటమ్మ. పేటలో ఉన్న ఆ ఒక్క మిద్దె ఆమెది. పిల్లల్లేరు, మొగుడు సంఘపెద్ద. అవ్వా ఆమే ఒకరినొకరు ఒదినా అని పిలుచుకునేవాళ్ళు. చుట్టరికమేమీ లేదు, పోటీయే చుట్టరికం. నేను మొక్కింది ఆదివారం, దేవుడితో బేరాలు నాకు చేతగావు అని ఆమె కుండబద్దలు కొట్టేసింది.

పంచాయితీ అయ్యగారి దగ్గరికి, అంటే మా చర్చి పాస్టరు దగ్గరికి పోయింది. ఆయన కొత్తగా వచ్చిన కుర్రాడు, పాపం. ఒకవైపు సంఘపెద్ద భార్య, ఇంకోవైపు మా అవ్వ. ఆయన బైబిలు తిరగేస్తూ కూర్చున్నాడు. అవ్వ ఎంతసేపని ఊరుకుంటుంది?

"అయ్యగారూ, ఆ బిడ్డకు ఆదివారం ఒక్కనాడేనా ఆకలయ్యేది?"

ఆయన పుస్తకం మూసేశాడు. వారం మారినా దేవుడు మారడమ్మా, పంచుకోండి అన్నాడు. మిద్దింటమ్మ మాత్రం తన ఆదివారం వదల్లేదు. సరే, ఎవరో ఒకరు ఆదివారమూ ఇవ్వాలి గదా అని ఆమెకే వదిలేశారు. మిగతా రోజులు ఐదిళ్ళు తలా ఒకటి ఎంచుకున్నాయి. గురువారం ఎవరూ తీసుకోలేదు. గురువారం మాకు సంత. పేటలో ఆడవాళ్ళు గుడ్లమ్మి ఉప్పూ చింతపండూ కొనుక్కునే రోజు అదే. సంతనాడు గుడ్డు వదులుకోవడమంటే చేతిలో కాసు వదులుకోవడమే. అవ్వ అందరి మొహాలూ చూసి, అది మాకివ్వండి అంది. పక్కన కూర్చున్న నాకు ఆ క్షణంలో మా తాటాకు ఇల్లు మిద్దె కంటే ఎత్తుగా కనిపించింది.

గురువారం గుడ్డు మోసే పని నాది. కొబ్బరి చిప్పలో ఊక పోసి, దానిలో గుడ్డు పెట్టి, పైన ఇంకాస్త ఊక కప్పేవాళ్ళం. మళ్ళ గట్ల మీద నడిచి, కాలే ఇసుకలో పరుగెత్తి, సరుగుడు నీడలో ఆగి, చిప్పలోకి తొంగిచూసుకుంటూ పోయేదాన్ని. చేపలక్క అత్త గుడ్డు తీసుకుని, ఆ చిప్పలోనే ఇన్ని ఎండుచేపలు వేసి తిరిగి ఇచ్చేది. మొదటిసారి అది చూసి అవ్వకు రోషం వచ్చింది. దానమిస్తే బేరం చేస్తుందా అని నన్నే తిరిగి పంపింది. ఆ ముసలామె నన్నూ చిప్పనూ ఎగాదిగా చూసి, ఊరికే తినే వంశం కాదు మాదని మీ అవ్వకు చెప్పు పో అంది. చెప్పాను. అవ్వ ఆ ఎండుచేపలు కడిగి వంకాయల్లో వేసి వండింది. అన్నం తింటూ, దాని పొగరు నాకు నచ్చినాది అంది.

ఒక గురువారం గుడ్డు లేదు. గూట్లో లేదు, గంప కింద లేదు. ఖాళీ చిప్ప పట్టుకుని అవ్వ వాకిట్లో కూలబడింది. మా వంతు తప్పితే ఆ రోజు చేపలక్కకు గుడ్డు లేనట్టే. మా తమ్ముడూ నేనూ నల్ల కోడి వెంట పడ్డాం. అది మమ్మల్ని పేటంతా తిప్పింది. చివరికి మిద్దింటి పెరట్లోకి దూరి, అటూ ఇటూ చూసి, గడ్డివాములోని ఒక బొక్కలోకి పోయింది. మేం గోడ పక్కన ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. కాసేపటికి కొక్కొక్కోమని పేటకంతా చాటింపు వేస్తూ బయటికొచ్చింది. మా తమ్ముడు చెయ్యి పెట్టి వెచ్చటి గుడ్డు తీసేసరికి మిద్దింటమ్మ వెనకే ఉంది. దొంగతనానికి మా ఇల్లే దొరికిందా అని వాడి చెవి మెలేసింది. ఆ బొక్కలో తన పెట్ట గుడ్లు పెడుతోందనీ, ఆదివారం గుడ్డు తను అక్కడి నుంచే తీసి ఇస్తున్నాననీ చెప్పింది. నల్ల కోడి ఇంకా అక్కడే నిలబడి అరుస్తోంది. పేటలో నల్ల కోడి మాది ఒక్కటే. ఆమె దాన్ని చూసింది, బొక్కను చూసింది, వాడి చెవి వదిలేసింది.

విషయం విని అవ్వ కడుపు పట్టుకుని నవ్వింది. ఇన్నాళ్ళూ ఒదిన ఆదివారం నా కోడి మోసినాదే అని కళ్ళనీళ్ళు తుడుచుకుంది. వెంటనే మొహం మార్చి, ఈ మాట గడప దాటితే తోలు తీస్తానని మమ్మల్ని బెదిరించింది. నేను దాచాను. మా తమ్ముడి నోట్లో నువ్వుగింజ నానదు. ఆదివారానికల్లా పేటంతా తెలిసిపోయింది. మిద్దింటమ్మ ఆ ఆదివారం చర్చికి తలెత్తుకునే వచ్చింది, చంకలో తెల్లటి కోడిపిల్లతో. ఆరాధన అయ్యాక తిన్నగా నా దగ్గరికొచ్చి నా చేతుల్లో పెట్టింది. బాకీ పడ్డం మాకూ తెలీదని మీ అవ్వకు చెప్పు అంది.

ఆ తెల్ల కోడి నాది. నేనే నూకలు వేశాను, నేనే గంప కింద మూశాను. తొలి గుడ్డు పెట్టాక ఉడకబెట్టుకుని ఉప్పూ మిరియాలపొడీ అద్దుకుని ఒక్కదాన్నే తినాలని ఎన్ని రోజులు కలగన్నానో! సరిగ్గా కోతల పండుగ ముందురోజు అది తొలి గుడ్డు పెట్టింది. కోతల పండుగంటే చర్చి వాకిట్లో వేలం. వడ్లు, గుమ్మడికాయలు, అరటి గెలలు, కోళ్ళు అన్నీ తెచ్చి పాటకు పెడతారు. ఆ ఏడు వచ్చిన డబ్బు చేపలక్కకని ముందే అనుకున్నారు. చివరి విడత సూదులకు ఆమె నెల్లూరులోనే ఉండాలి. తోడుగా మొగుడు ఉండాలి, ఇల్లు గడవాలి. ఆ సూదులు పడకపోతే ఇన్నాళ్ళ గుడ్లూ బూడిదలో పోసినట్టేనని ఆసుపత్రి వాళ్ళు చెప్పారు.

ఇవ్వమని నన్ను ఎవరూ అడగలేదు. అవ్వ కూడా నోరు మెదపలేదు. నీళ్ళు కాగుతున్నాయి, గుడ్డు నా చేతిలో ఉంది. నేను దాన్ని ఊకలో పెట్టి చర్చికి పట్టుకుపోయాను. ఆ తర్వాత జీవితంలో చాలా ఇచ్చాను, ఇంతకంటే పెద్దవే ఇచ్చాను. అయినా గర్వంగా చెప్పుకోమంటే ఆ గుడ్డే చెబుతాను.

అయ్యగారు దాన్ని ఎత్తి చూపించి, ఈ పాప కోడి తొలి గుడ్డు అని పాట మొదలుపెట్టాడు. ఒకాయన పాడుకుని, నాకొద్దు, మళ్ళీ పాడండి అని తిరిగి ఇచ్చేశాడు. ఇంకొకాయన పాడి మళ్ళీ ఇచ్చాడు. ఒకే గుడ్డు ఆ మధ్యాహ్నమంతా చేతులు మారింది. గుమ్మడికాయలూ గెలలూ ఎప్పుడో అయిపోయాయి, గుడ్డు మాత్రం అవడం లేదు. జనం నవ్వుతున్నారు, ఈలలు వేస్తున్నారు. చివరికి మిద్దింటమ్మ లేచి, ఇక పాడేవాళ్ళెవరూ లేనంత పాట పాడేసింది. గుడ్డు తీసుకుని చేపలక్క మొగుడి చేతిలో పెట్టింది. అతను ఆ గుడ్డు పట్టుకుని అందరి ముందూ ఏడ్చేశాడు. అంతకుముందు మగవాళ్ళు ఏడవడం నేను చూడలేదు.

మళ్ళీ వేసవి వచ్చేసరికి సరుగుడు తోపు వైపు నుంచి కేక వినపడింది. సన్నగా ఉంది, దగ్గు లేదు. అవ్వ చేతిలో చేట పక్కన పెట్టి పరుగెత్తింది. ఆ రోజు బేరమాడలేదు. మర్నాడు మాత్రం మామూలుగా సగానికే అడిగింది.

ఒక ఆదివారం ఆరాధన ముగిసి మేం బయటికి వస్తుంటే చేపలక్క చర్చి వాకిట్లో నిలబడి ఉంది, గంప పక్కన పెట్టుకుని. ఆమె అంతకుముందెప్పుడూ ఆ గేటు లోపలికి రాలేదు. ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. పక్క ఊళ్ళో తాటిచెట్లెక్కి కల్లు గీసే ముసలాయన ఒకాయనకు అదే దగ్గు వచ్చిందనీ, గుడ్లు ఇప్పుడు ఆయనకు పంపుతున్నారనీ ఆమెకు తెలిసింది.

"నాకూ ఒక వారం ఇయ్యండి పెద్దమ్మా," అంది మా అవ్వను చూసి. "నాకు కోళ్ళు లేవు. చేపుంది. నా వంతు రోజు నేను పంపతా."

ఉన్నవే ఏడు వారాలు, ఏడూ ఏడిళ్ళవి. ఏ ఇల్లూ తన వారం వదులుకునే స్థితిలో లేదు. అప్పటికి అది దానం కాదు, పరువైపోయింది. మంగళవారమోళ్ళు, శుక్రవారమోళ్ళు అని ఇళ్ళకు పేర్లే పడిపోయాయి. చేపలక్క తల దించుకుని గంప సర్దుకోబోయింది. అవ్వ నోరు తెరిచింది. మా గురువారం పోయిందనుకున్నాను. ఈలోగా వెనకనుంచి మాట వినపడింది.

"నా ఆదివారం తీసుకోమే."

మిద్దింటమ్మ. అయ్యగారి మాటకు కూడా లొంగని ఆదివారం. మరి నీ మొక్కో ఒదినా అని అవ్వ అడిగింది. తీరినాదిలే అని మిద్దింటమ్మ కొంగు దులుపుకుని ఇంటికి పోయింది. ఆ పూట అవ్వ అన్నం వడ్డిస్తూ, దాని గర్వం అణిగిందనుకున్నారేమో, ఇంకా పెరిగినాది, పెరగనీ, దానికి తగును అంది.

ఆ గురువారం పొద్దున్నే మా తలుపు చప్పుడైంది. మిద్దింటమ్మ నిలబడి ఉంది, కొంగులో ఒక గుడ్డు. లోపలికి రాలేదు. గడప అవతలి నుంచే చెయ్యి చాపింది.

"నాకు వారం లేకుండా పోయినాది ఒదినా. నీ గురువారంలో నాకింత చోటియ్యి."

అవ్వ ఆ గుడ్డు తీసుకుని మా గుడ్డు పక్కన ఊకలో పెట్టింది. అప్పటి నుంచి గురువారం చిప్పలో రెండు గుడ్లు. ఒకటి మాది, ఒకటి మిద్దింటిది.

తర్వాత వరి మళ్ళు రొయ్యల గుంటలయ్యాయి. వాకిళ్ళు పోయాయి, వాకిళ్ళలో కోళ్ళు పోయాయి. అవ్వ పోయింది. చేపలక్క ముసలిదై, మనవళ్ళను ఎత్తుకుని, ఆదివారం చేప మానకుండానే పోయింది. మిద్దింటమ్మ అందరికంటే ఆఖర్న వెళ్ళింది. పిల్లలు లేరు గనక ఆ మిద్దె కూలిపోయింది. నేను కుట్టుమిషను తొక్కి సంపాదించిన మొదటి డబ్బుతో ఒక గురువారం గుడ్లు కొన్నాను. ఒకరి వంతే కొని చేతిలో పట్టుకుంటే ఆ చెయ్యి ఖాళీగా అనిపించింది. వెనక్కి తిరిగి రెండో వంతూ కొన్నాను. అప్పటి నుంచి ఏ గురువారమూ ఒంటి వంతు ఇవ్వలేదు. ఆ రోజు గుడ్డు తినను కూడా.

మా మనవరాలు విన్నంతసేపు విని, ఫోను తీసుకుంది. రెండో దానికి ఏ పేరు పెట్టమంటావు అని మాత్రం అడిగింది. చెప్పాను.

ఈ గురువారం పొద్దున కాఫీ తాగుతుంటే, డబ్బు పోయిందని బ్యాంకు మెసేజు వచ్చి ఫోను మోగింది. గ్లాసు కింద పెట్టి, చెవి అటు వేసి కూర్చున్నాను. కాసేపటికి మళ్ళీ మోగింది. రెండోది మిద్దింటమ్మది.